అర సెకను తేడా

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డులు చదివితే చాలు, సాఫ్ట్‌వేర్ రంగం ఎటు పోతోందో తెలిసిపోతుంది. జావా, డాట్‌నెట్, టెస్టింగ్, శాప్, డెవాప్స్... ఇప్పుడు ఎటు చూసినా ఏఐ. బోర్డు మారినప్పుడల్లా కొత్త బ్యాచ్. ఈ పద్ధతిని ఎగతాళి చేయడం తేలికే గానీ, ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది అదే.

చిక్కల్లా ఇప్పుడొచ్చింది. కోర్సులో నేర్పే కోడ్‌ను కోపైలట్, చాట్‌జీపీటీ లాంటివి క్షణాల్లో రాసిపెడుతున్నాయి. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని, అంటే సిబ్బందిలో రెండు శాతాన్ని, తగ్గించుకుంటానంది. వాళ్లలో ఎక్కువమంది ఫ్రెషర్లు కాదు, మధ్య, పై స్థాయుల వాళ్లు. ఏఐ వల్ల కాదు, కావాల్సిన నైపుణ్యాలు కుదరకే అని సంస్థ చెప్పుకుంది.

మరి ఏ నైపుణ్యం నిలబడుతుంది?

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డేటాబేస్ ఇంజనీరు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేగం కొలుస్తున్నాడు. తన కంప్యూటర్‌లోకి తప్పుడు యూజర్‌నేమ్‌తో వచ్చి వెంటనే తిరస్కరణ పొందే లాగిన్లు కూడా ప్రాసెసర్‌ను అతిగా వాడుకోవడం కంట పడింది. 0.3 సెకన్లలో అయిపోవాల్సిన లాగిన్‌కు 0.8 సెకన్లు పడుతోంది. ఇంకొకరైతే నెట్‌వర్క్ మందగించిందని ఊరుకునేవారు. ఫ్రాయిండ్ మాత్రం పొరలు విప్పుకుంటూ పోయి, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దొంగదారి ఉందని పట్టుకున్నాడు. అది పెట్టింది ఆ ప్రాజెక్టులో రెండేళ్లకు పైగా పనిచేసి నమ్మకం సంపాదించిన ‘జియా టాన్’ అనే అజ్ఞాత వ్యక్తి. మరికొన్ని వారాలు ఆలస్యమైతే అది ప్రపంచంలోని లెక్కలేనన్ని లినక్స్ సర్వర్లలోకి చేరేది. ఫ్రాయిండ్ భద్రతా నిపుణుడేమీ కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఏం జరుగుతుందో తెలుసు, తెలియనిదాన్ని వదలలేదు, అంతే.

ఇతరులు రాసిన కోడ్‌ను చదివి అనుమానించే ఈ పని ఏఐ వచ్చాక తగ్గలేదు, పెరిగింది; యంత్రం రాసినదాన్నీ సరిచూడాలి కదా. మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు చేసిన 246 పనులను పరిశీలించింది. ఏఐ వాడినప్పుడు వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని అయ్యాక అడిగితే మాత్రం, ఏఐ వల్ల 20 శాతం వేగం పెరిగిందనే అన్నారు! అప్పటి ఏఐ వేరు, ఇప్పటిది వేరు కావచ్చు. కానీ తమ పనిని తామే తప్పుగా అంచనా వేసుకున్నారన్నది తోసిపుచ్చలేనిది.

వ్యాపారం తెలియడం మరో బలం. జీఎస్టీ లెక్క, ఆసుపత్రి బిల్లింగ్, బ్యాంకు రాత్రివేళ చేసే బ్యాచ్ ప్రాసెసింగ్ ఎలా నడుస్తాయో తెలిసినవాడికే యంత్రం రాసిన కోడ్‌లో తప్పు కనబడుతుంది. పాత వ్యవస్థలు తెలియడమూ అలాంటి బలమే. 2020 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ గవర్నరు కోబాల్ భాష తెలిసినవాళ్లు సాయానికి రావాలని బహిరంగంగా అడిగారు. నిరుద్యోగ భృతి దరఖాస్తులు ముంచెత్తిన ప్రభుత్వ కంప్యూటర్లు నడిచేది 1959లో రూపుదిద్దుకోవడం మొదలైన ఆ భాషమీదే.

కోడ్ చదివే అలవాటుకు ఫీజు అక్కర్లేదు. గిట్‌హబ్‌లో చాలా ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులు కొత్తవాళ్లకు సరిపడే లోపాలకు ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అని ముద్ర వేసి ఉంచుతాయి. వాటిలో ఒకటి తీసుకుని, తప్పు ఏ మార్పుతో మొదలైందో ‘గిట్ బైసెక్ట్’ ఆదేశంతో వెతకడం నుంచి మొదలుపెట్టవచ్చు.