చూపు, తర్కం, బేరం: నేర్చిన యంత్రం తడబడే చోట్లు

బ్రిస్బేన్ నగరానికి దక్షిణాన ఉన్న సన్నీబ్యాంక్ పేరు చెప్పగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది మెయిన్స్ రోడ్డు కూడలి, దాని చుట్టూ ఉన్న తూర్పు ఆసియా భోజనశాలలు, అంగళ్ళు. గ్రిఫిత్ విశ్వవిద్యాలయపు నేథన్ ప్రాంగణం ఇక్కడికి దగ్గరే. ఇక్కడినుంచి రోజూ కారులో ఉద్యోగానికి వెళ్ళేవారికి డీప్ లెర్నింగ్ అనేది పరిశోధనాపత్రాలలో మాత్రమే కనిపించే మాట కాదు. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 2021 నవంబరు 1నుంచి రహదారులపై నడుపుతున్న కెమెరాలు కారు ముందు అద్దంలోంచి లోపలికి చూస్తాయి. చేతిలో ఫోను ఉందా, సీటుబెల్టు సరిగా ఉందా అన్నది మొదట తేల్చేది ఒక నాడీజాలం. ఫోను నేరం రుజువైతే జరిమానా 1,200 డాలర్లకు పైమాటే. దానికి తోడు 4 డీమెరిట్ పాయింట్లు. టాక్సీ నడిపి పొట్టపోసుకునే విద్యార్థికి ఆ ఉత్తరం చిన్న విషయం కాదు.

ఇలాంటి కెమెరాలు మొదట న్యూ సౌత్ వేల్స్‌లో 2019 డిసెంబరులో వచ్చాయి. రెండు రాష్ట్రాలలోనూ సాంకేతికతను అందించినది అక్యూసెన్సస్ అనే ఆస్ట్రేలియా సంస్థ. రాత్రీ పగలూ తేడా లేకుండా, కంటికి కనిపించని పరారుణ కాంతితో తీసిన ఫోటోను యంత్రం పరిశీలిస్తుంది. అనుమానం లేని ఫోటోలను అక్కడితో వదిలేస్తుంది. అనుమానం ఉన్నవాటిని మనుషులు చూస్తారు. వారు నిర్ధారించాకే జరిమానా.

ఈ చివరి మెట్టు ఎందుకు? యంత్రం అంత గొప్పదైతే మళ్ళీ మనిషి ఎందుకు? దీనికి జవాబు కృత్రిమ మేధలో లేదు, సాధారణ సంభావ్యతా గణితంలో ఉంది. క్వీన్స్‌లాండ్ ఆడిట్ కార్యాలయం 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2024లో ఈ వ్యవస్థ 20 కోట్లకు పైగా పరిశీలనలు చేసింది. వాటినుంచి వచ్చిన జరిమానాలు సుమారు 1,14,000. అంటే దాదాపు 1,800 పరిశీలనలకు ఒకటి. నేరం ఇంత అరుదైనప్పుడు ఏమవుతుందో ఒక ఊహాత్మకమైన లెక్కతో చూడవచ్చు. వెయ్యిమంది డ్రైవర్లలో ఒకరు ఫోను పట్టుకుంటారనుకుందాం. యంత్రం దోషిని 99 శాతం సార్లు పట్టుకుంటుంది, నిర్దోషిని పొరపాటున అనుమానించేది ఒక్క శాతమే అనుకుందాం. లక్ష కార్లలో దోషులు 100 మంది. వారిలో 99 మంది దొరుకుతారు. మిగిలిన 99,900 మందిలో ఒక శాతం, అంటే 999 మంది, ఏ పాపమూ ఎరగకుండా అనుమానితుల జాబితాలో చేరతారు. యంత్రం వేలెత్తి చూపిన ప్రతి 11 మందిలో దోషి ఒక్కడే! తొడమీద పెట్టుకున్న పర్సు, చేతిలోని చాక్లెట్ కాగితం, ఎండ పడి మెరిసిన గడియారం, అన్నీ ఫోనులే. తొంభైతొమ్మిది శాతం కచ్చితత్వం అన్న మాట వినగానే చప్పట్లు కొట్టేముందు, వెతుకుతున్న వస్తువు ఎంత అరుదైనదో అడగాలి.

పొరపాటు జరిగేది యంత్రపు చూపులోనే కావాలనీ లేదు. సీటుబెల్టు నేరాలకు దాదాపు 2,000 మందికి రెట్టింపు డీమెరిట్ పాయింట్లు తప్పుగా పడ్డాయని 2023 ఆగస్టులో బయటపడింది. అక్కడ ఫోటోలను చూసిన నాడీజాలం తప్పేమీ లేదు. దాని వెనక పాయింట్లు లెక్కకట్టే మామూలు కంప్యూటరు వ్యవస్థ దెబ్బకొట్టింది.

ఇంతకూ ఈ జాలానికి చూపు ఎలా వచ్చింది? 2012లో ఇమేజ్‌నెట్ పోటీలో అలెక్స్‌నెట్ అనే నాడీజాలం, 12 లక్షల ఫోటోలను చూసి, వెయ్యి రకాల వస్తువులను గుర్తించడం నేర్చుకుంది. మొదటి ఐదు ఊహలలో సరైన జవాబు లేకపోవడాన్ని తప్పుగా లెక్కిస్తే, దాని తప్పులు 15.3 శాతం. రెండో స్థానంలో ఉన్న పద్ధతికి 26.2 శాతం. ఫోనంటే నల్లటి దీర్ఘచతురస్రం అని ఎవరూ దానికి చెప్పరు. ఫోటోమీద చిన్న చిన్న జల్లెడలు జరుగుతూ పోతాయి. మొదటి పొరలోవి అంచులను పట్టుకుంటాయి. తరువాతి పొరలు అంచులను కలిపి మూలలను, ఆకారాలను, చివరికి వేళ్ళ మధ్య ఇరుక్కున్న వస్తువును పోల్చుకుంటాయి. జల్లెడలో ఏ సంఖ్యలు ఉండాలన్నది ఉదాహరణలలో జరిగిన తప్పులనుంచి వెనక్కి లెక్కగట్టి సవరిస్తారు. 2020నుంచి ట్రాన్స్‌ఫార్మర్లు ఈ జల్లెడల చోటును చాలామటుకు ఆక్రమించాయి కానీ, ఉదాహరణలే గురువులన్న సంగతి మాత్రం మారలేదు.

గురువుకు తెలియనిది శిష్యుడికి రాదు. 2017లో వోల్వో సంస్థ ఆస్ట్రేలియాలో ఒక విచిత్రమైన ఇబ్బందిని బయటపెట్టింది. స్వీడన్‌లో మూస్ అనే భారీ దుప్పినీ, జింకలనూ చక్కగా పసిగట్టే వారి కారు, కంగారూను చూసి కంగారు పడింది. రోడ్డుమీది జంతువు ఎంత దూరంలో ఉందో ఆ వ్యవస్థ నేలను ఆధారంగా చేసుకుని అంచనా వేస్తుంది. దుప్పి కాళ్ళు నేలమీదే ఉంటాయి. కంగారూ గెంతుతుంది. గాలిలో ఉన్నప్పుడు దూరంగా ఉన్నట్టు, నేలను తాకగానే దగ్గరకు వచ్చేసినట్టు లెక్క తేలుతుంది. స్వీడన్ అడవులలో ఎన్నేళ్ళు శిక్షణ ఇచ్చినా ఈ పాఠం దొరకదు.

హైదరాబాదు ఈ సమస్యను మరో వైపునుంచి ఎదుర్కొంది. స్వయంచాలిత వాహనాల పరిశోధనకు ప్రామాణికంగా ఉన్న సిటీస్కేప్స్ దత్తాంశం ప్రధానంగా జర్మనీ నగరాల వీధులనుంచి వచ్చింది: గీతలు గీసినట్టుండే వరుసలు, తుడిచినట్టుండే కాలిబాటలు. ట్రిపుల్ ఐటీ హైదరాబాదు పరిశోధకులు గిరీశ్ వర్మ, అనూప్ నంబూద్రి, సి. వి. జవహర్, వారి సహచరులు కలిసి హైదరాబాదు, బెంగళూరు, వాటి శివార్ల రోడ్లమీద కారు నడిపి, 182 ప్రయాణాలనుంచి 10,004 చిత్రాలను ఎంచి, వాటిలోని ప్రతి వస్తువునూ 34 వర్గాలుగా గుర్తించి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అనే పేరుతో విడుదల చేశారు. ఇందులో ఆటోరిక్షాకు ప్రత్యేక వర్గం ఉంది. జంతువులకు ఉంది. అన్నిటికన్నా ఆసక్తికరమైనది, అసలు రోడ్డు కాకపోయినా బండి పోనివ్వగల మట్టి జాగాకు కూడా ఒక వర్గం ఉంది. మన ఊళ్ళలో తారు ఎక్కడ ఆగిందో, మట్టి ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. చెప్పినా ఆ గీతను ఎవరూ పాటించరు. జర్మనీ వీధులను చూసి నేర్చిన జాలాలు ఇక్కడికి రాగానే తడబడ్డాయంటే ఆశ్చర్యం లేదు.

ట్రిపుల్ ఐటీ పాలకమండలికి తొలి అధ్యక్షుడు రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ఈయన 1960లో ఎం.టెక్. పట్టా పుచ్చుకున్నది సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో. అమెరికా వెళ్ళేముందు ఆస్ట్రేలియాలోనే ఐబీఎమ్‌లో పనిచేశారు. యంత్రానికి మాట వినడం నేర్పే పనిలో జీవితం గడిపి, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. ఆ తరం పరిశోధకులు తర్కాన్ని నియమాలుగా రాసి యంత్రానికి అందించేవారు. ఇప్పటి తరం ఆ పనికీ ఉదాహరణలనే నమ్ముకుంది.

ఆ నమ్మకానికి పెద్ద పరీక్ష సన్నీబ్యాంక్‌కు ఉత్తరాన, కారులో రెండు గంటల లోపు దూరంలోనే జరిగింది. 2025 జులైలో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కు సన్‌షైన్ కోస్ట్ ఆతిథ్యమిచ్చింది. అవే ఆరు లెక్కలను గూగుల్ డీప్‌మైండ్, ఓపెన్ఏఐ సంస్థల భాషా నమూనాలు, మామూలు మాటల్లో నిరూపణలు రాస్తూ, ప్రయత్నించాయి. రెండూ అయిదింటిని సాధించి 42కు 35 మార్కులతో స్వర్ణ పతకపు గీతను తాకాయి. రెండూ ఆరో లెక్క దగ్గరే ఆగిపోయాయి. 2025 అడ్డువరుసలు, 2025 నిలువువరుసలు ఉన్న గళ్ళపట్టీ మీద దీర్ఘచతురస్రాకారపు పలకలు పరవాలి. ప్రతి వరుసలోనూ సరిగ్గా ఒక్క గడి ఖాళీగా మిగలాలి. కనీసం ఎన్ని పలకలు కావాలి? జవాబు 2,112. దాన్ని పూర్తిగా సాధించిన హైస్కూలు పిల్లలు అదే పోటీలో ఉన్నారు.

ఈ సామర్థ్యం వెనక ఉన్న కిటుకు విచిత్రంగా సులువైనది. 2022లో జేసన్ వై తదితరులు, జవాబుకు ముందు మధ్య మెట్లను కూడా రాయిస్తే పెద్ద నమూనాలు లెక్కలు మెరుగ్గా చేస్తాయని చూపారు. ఆ తరువాత డీప్‌సీక్ పరిశోధకులు 2025 జనవరిలో ఇంకో అడుగు వేశారు. మెట్లు ఎలా రాయాలో నేర్పకుండా, చివరి జవాబు సరైనదైతే బహుమానం, కాకపోతే లేదు, అన్న ఒక్క పద్ధతితో శిక్షణ ఇచ్చారు. 2024 నాటి ఏఐఎమ్ఈ పరీక్షలో ఆ నమూనా విజయశాతం 15.6నుంచి 71కి పెరిగింది. మధ్యలో ఆగి తన పనిని తానే సరిచూసుకునే అలవాటు దానంతట అదే వచ్చింది. గమనించవలసింది ఏమిటంటే, ఈ బడిలో బెత్తం పట్టుకున్న పంతులు గణితమే. జవాబు తప్పో ఒప్పో క్షణంలో తేలిపోతుంది. లక్షసార్లు ప్రయత్నిస్తే లక్షసార్లూ నమ్మదగిన తీర్పు దొరుకుతుంది.

అయినా తర్కంలోనూ కంగారూలు ఉన్నాయి. 2024 అక్టోబరులో ఆపిల్ పరిశోధకులు బడిపిల్లల స్థాయి లెక్కలలో పేర్లు, అంకెలు మార్చి చూశారు. నాటి నమూనాల మార్కులు తగ్గాయి. లెక్కకు సంబంధం లేని వాక్యం ఒకటి చేర్చినప్పుడు కొన్ని నమూనాల కచ్చితత్వం 65 శాతం వరకూ పడిపోయింది. తెలుగులో చెప్పుకోవాలంటే, సీతమ్మ పొద్దున 40, సాయంత్రం 30 జామకాయలు కోసింది, వాటిలో అయిదు కాస్త చిన్నవి, మొత్తం ఎన్ని? అంటే, అయిదు తీసేసి 65 అనడం. తరువాతి తరం నమూనాలు ఇటువంటి వాటిని బాగానే దాటుతున్నాయి. అయితే ఆ పరీక్షలు ప్రచురితమై, చర్చకు వచ్చి, శిక్షణ దత్తాంశంలోకి కూడా చేరే వీలుంది కనుక, దాటినది తర్కమా జ్ఞాపకమా అన్న అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం.

చూపూ తర్కమూ ఇంత దూరం వచ్చాక, డబ్బు సంపాదించడం మాత్రం ఎంత? ఇలా అనుకునేవారిలో తెలివైనవారే ఎక్కువ. షేర్ల వ్యాపారంపై డీప్ లెర్నింగ్ పరిశోధనలో నిజంగా చదవదగిన పత్రాలు ఉన్నాయి. జింగ్‌వెన్ జియాంగ్, బ్రయన్ కెల్లీ, డాచెంగ్ షియు 2023లో జర్నల్ ఆఫ్ ఫైనాన్స్‌లో ప్రచురించిన పనిలో ధరల అంకెలను పక్కన పెట్టి, ధరల బొమ్మలనే నాడీజాలానికి చూపించారు. నల్లని వెనకతలం మీద 5, 20 లేదా 60 రోజుల గీతలు, కింద క్రయవిక్రయాల పరిమాణం. ఫోనును పట్టుకునే జల్లెడలే ఇక్కడా పనిచేశాయి. అమెరికా షేర్ల 1993-2000 నాటి బొమ్మలతో నేర్చి, 2001-2019 కాలంలో పరీక్షకు నిలిచాయి. ఫలితాలు కాగితంమీద ఘనంగానే ఉన్నాయి. కానీ చిన్నా పెద్దా కంపెనీలకు సమానమైన వాటా ఇచ్చినప్పుడు కనిపించిన లాభం, కంపెనీ పరిమాణాన్నిబట్టి వాటా ఇవ్వగానే బాగా కుంగింది. అంటే దిగుబడిలో పెద్ద భాగం చిన్న కంపెనీల షేర్లలో ఉంది. పైగా వారం వారం షేర్లను మార్చుకుంటూ పోవాలి. అంత తరచుగా కొని అమ్మితే లాభాన్ని ఖర్చులు తినేస్తాయి.

బజారులో సంకేతం ఎంత బలహీనమో ఇంకో అంకె చెబుతుంది. షిహావో గూ, కెల్లీ, షియు 2020లో చేసిన ప్రసిద్ధ అధ్యయనంలో, ఒక్కొక్క షేరు నెలసరి రాబడిలోని హెచ్చుతగ్గులలో నాడీజాలాలు ముందుగా వివరించగలిగినది సుమారు 0.4 శాతం. మిగిలిన 99.6 శాతం వాటి దృష్టిలో రొద. వృత్తి నిపుణులకు ఆ అరశాతం కూడా విలువైనదే. వేల షేర్లమీద పరచి, తక్కువ ఖర్చుతో వాడుకోగలరు. ఇంట్లో ఒక ల్యాప్‌టాపూ పది షేర్లూ ఉన్న మనిషికి అది రొదలో కలిసిపోతుంది.

మరో చిక్కు, కంగారూకు లేనిది. కారు తనను గుర్తుపట్టడం నేర్చుకుంటే కంగారూ తన గెంతు మార్చుకోదు. బజారు మార్చుకుంటుంది. డేవిడ్ మెక్లీన్, జెఫ్రీ పోంటిఫ్ 2016లో 97 ప్రచురిత సూచికలను పరిశీలించారు. పరిశోధకులు వాడిన కాలం దాటగానే వాటి లాభం 26 శాతం, పత్రం ప్రచురితమయ్యాక 58 శాతం తగ్గిందని తేలింది. ఈ రెండింటి మధ్య తేడాను వారు పెట్టుబడిదారులు చదివి అనుసరించినందువల్ల జరిగినదిగా లెక్కగట్టారు. మొదటి 26 శాతానికి గతాన్ని ఎక్కువగా తవ్వడం ఒక కారణం కావచ్చు. ఏ పసా లేని వెయ్యి వ్యూహాలను పాత ధరలమీద పరీక్షిస్తే, ఇరవైకి ఒకటి చొప్పున ఏభై దాకా అదృష్టంకొద్దీ 5 శాతం కొలమానాన్ని దాటుతాయి. వాటిలో మెరిసేదాన్ని ఎంచి వెబ్‌సైటుమీద పెడితే, దాని గ్రాఫు ఎప్పుడూ పైకే పోతుంది.

భాషా నమూనాలతో ఈ చిక్కు మరింత ముదిరింది. 2020 మార్చి నాటి వార్త ఇచ్చి షేరు ఎటు పోతుందని అడిగితే, ఆ తరువాత ఏమైందో నమూనా ముందే చదివి ఉంటుంది. అలెహాంద్రో లోపెజ్-లిరా, యూహువా టాంగ్ 2023లో చాట్‌జీపీటీని వార్తా శీర్షికలమీద పరీక్షించినప్పుడు, ఆ నమూనా శిక్షణ ముగిసిన 2021 సెప్టెంబరు తరువాతి వార్తలనే తీసుకోవడానికి కారణం ఇదే. నిజాయితీగా చేయాలంటే ప్రతి కొత్త నమూనాకూ గడియారం మళ్ళీ సున్నానుంచి మొదలుపెట్టాలి. గణితంలో క్షణంలో దొరికే తీర్పు కోసం ఇక్కడ ఏళ్ళ తరబడి వేచి ఉండాలి. ఆలోగా నమూనా పాతబడుతుంది.

బల్లకు అటువైపు కూర్చున్నది ఎవరో సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం చూపిస్తుంది. 2021-22నుంచి 2023-24 వరకూ భారతదేశపు ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగంలో కోటికి పైగా వ్యక్తులు వ్యాపారం చేశారు. వారిలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైన. అదే విభాగంలో 2023-24లో సొంత ఖాతాపై వ్యాపారం చేసే సంస్థలు ఖర్చులకు ముందు సుమారు 33,000 కోట్లు, విదేశీ పెట్టుబడి సంస్థలు 28,000 కోట్లు గడించాయి. సొంత ఖాతా సంస్థల లాభంలో 96 శాతం, విదేశీ సంస్థల లాభంలో 97 శాతం యంత్రాలు చేసిన వ్యాపారంనుంచి వచ్చినదే.