సంధ్యవేళ తెల్ల ఉమ్మెత్త

విద్యార్థులారా! మన కోలారు బంగారు గనుల ప్రాంతమున బాటల ప్రక్కలను, పాడుగోడల మొదళ్లను తెల్ల ఉమ్మెత్త పూయుట మీరు చూచియే యుందురు. కన్నడ మిత్రులు దానిని ఉమ్మత్తి యనియు, తమిళ మిత్రులు ఊమత్తై యనియు పిలుతురు. చిత్రము క్రింద మూడు పేర్లును వ్రాసిన బాగుండును.

ఈ పువ్వు సాయంకాలము విచ్చి, సాధారణముగా మరునాటి ఎండకు వాడును. రాత్రివేళ మకరందమునకై వచ్చు పొడవు తొండపు చిమ్మటలకు చీకటిలో ఆ తెలుపే గుర్తు. కావున తాజా పువ్వును చిత్రించువానికి వెలుగు తరుగు వేళయే గతి. మన ప్రాంతము సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. ఇచ్చట సంధ్య త్వరగా ముగియును. సూర్యుడు సైనైడు దిబ్బ వెనుకకు దిగకముందే పువ్వును వెదకి పెట్టుకొనవలెను. అస్తమయమైన పిదప చేతనుండునవి 20 నిమిషములే.

కెమెరాకు తెలుపన నేమో తెలియదు. చూచిన దెల్ల నడితరపు బూడిదరంగని తలచి అది వెలుగును కొలుచును. చట్రము నిండ పువ్వే యున్నచో వెలుగు హెచ్చని భ్రమించి తగ్గించును. పువ్వు మాసిన బట్టవలె వచ్చును. చుట్టును నల్లని ఆకులే హెచ్చుగా నున్నచో వెలుగు చాలదని పెంచును. గరాటువంటి పువ్వుపై నుండు సన్నని మడతలన్నియు చెరగి సున్నపు ముద్ద మిగులును. నా మొదటి చిత్రము అట్టి ముద్దయే! మసకచిత్రమును పిదప కొంత వెలిగింపవచ్చును గాని, చెరగిన మడతలు తిరిగి రావు. అందుచే సెల్‌ఫోను తెరపై పువ్వును తాకి, వెలుగును కొంచెము తగ్గించియే తీయుడు.

ఆ వేళ షట్టరు సెకనులో 15వ వంతు కాలము తెరచియుండవచ్చును. చేయి వణకిన చిత్రము చెదరును. ఫోనును ఇటుకపై నానించి, 2 సెకనుల గడువు పెట్టి, గాలి నిలిచినప్పుడు తీయవలెను. ఫ్లాషు వలదు, దాని వెలుగు ఎదుటినుండి తగిలి మడతల నీడలను తుడిచివేయును. సూర్యాస్తమయానంతరము ఆకాశపు నీలము పువ్వుపై పడును. దానిని పూర్తిగా తొలగించుట నాకు సమ్మతము కాదు. ఆ వేళ వన్నె యదియే.

తలిదండ్రులకొక మనవి: ఉమ్మెత్త సర్వాంగములును విషమే, గింజలలోను అట్రోపిన్, స్కోపోలమిన్ అను విషద్రవ్యములు గలవు. పసివారిని వెంట పంపకుడు. పువ్వును తాకిన పిల్లలు ఇల్లు చేరగానే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను; అంతవరకు కన్నులు నులుముకొనరాదు.