నికెలా, ఇరిడియమా?

పెట్రోలు కారుకు స్పార్క్ ప్లగ్గులు మార్చాలనగానే మెకానిక్ అడిగే ప్రశ్న: "మామూలువా, ఇరిడియమా?"

మామూలు ప్లగ్గు మొన నికెల్ మిశ్రమం, మందం దాదాపు 2.5 మిల్లీమీటర్లు. నికెల్ 1,455 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, ఇరిడియం 2,446 దాకా ఓర్చుకుంటుంది. అందుకే దాని మొనను 0.4 మిల్లీమీటర్లకు సన్నం చేసినా నిలుస్తుంది. సన్నటి మొనకు తక్కువ వోల్టేజీతోనే నిప్పురవ్వ పుడుతుంది. ప్లాటినం ఈ రెంటికీ నడుమ.

ఖరీదైనది వేసినంత మాత్రాన పికప్ పెరిగిపోదు. పెరిగేది మన్నిక.

అసలు చూడాల్సింది హీట్ రేంజ్, అంటే ప్లగ్గు వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో చెప్పే అంకె. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో ఆ అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు వేడిని త్వరగా వదిలేస్తుంది. బాష్‌లో సరిగ్గా తిరగబడుతుంది. అంకె ఒకటే కదా అని కంపెనీ మార్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. కారు మాన్యువల్‌లో ఉన్న నంబరే అడగాలి. విప్పిన ప్లగ్గు మొన లేత గోధుమరంగులో ఉంటే ఇంజన్ బాగున్నట్టే. నల్లటి మసి పట్టి ఉంటే ముందు ఎయిర్ ఫిల్టర్ చూపించాలి.