మొక్కజొన్న సేద్యము: పాత పద్ధతి, సాంద్ర పద్ధతి

తెలంగాణ పల్లెలలో మక్క అనియు, ఉర్దూ మాట్లాడు ఇండ్లలో మకయీ అనియు, కోస్తా జిల్లాలలో మొక్కజొన్న అనియు వ్యవహరింపబడు ఈ ధాన్యము మెక్సికో దేశమున పుట్టి, సముద్రములు దాటి మన పొలములకు చేరినది. ఒకప్పుడు గటకగాను, రొట్టెగాను పేదల కడుపు నింపిన ఈ పంటలో అధిక భాగము నేడు కోళ్ళ దాణాకు పోవుచున్నది. తినుటకు పండించుకొన్న నాటి సేద్యము వేరు, అమ్ముటకు పండించు నేటి సేద్యము వేరు. మన విద్యార్థులలో రైతు బిడ్డలు కలరు కావున, ఈ రెండింటి తారతమ్యమును కొంత వివరింప దలచితిమి.

పాత పద్ధతిలో విత్తనము ఇంటి గింజయే, ఎరువు పశువుల పెంటయే. నాగలి సాలు వెంట గింజ జారవిడిచెడివారు. మొక్కకు మొక్కకు నడుమ దూరము విత్తువాని చేతివాటమును బట్టి యుండెడిది. సాళ్ళ నడుమ కందిని కూడ వేసెడివారు. దీనిని అజ్ఞానమని కొట్టివేయుట మాకు సమ్మతము కాదు. కంది వేరు లోతునకు పోవును. వానలు వెనుకపట్టి మక్క ఎండినను కంది నిలుచును. పెట్టుబడి స్వల్పము కనుక నష్టమును స్వల్పమే.

సాంద్ర వ్యవసాయము అను మాట 1960 దశాబ్దిలో, పశ్చిమ గోదావరి జిల్లా ఆ పేరిటి కేంద్ర పథకమునకు ఎన్నికైన నాటినుండి మనకు పరిచితము. మొక్కజొన్న విషయమున 1957లో అఖిల భారత సమన్వయ పరిశోధన పథకము ఆరంభమై, 1961లో తొలి సంకర రకములు వెలువడినవి. వానిలో ఒకదానికి దక్కన్ అని పేరు. సంకర విత్తనము బలము మొదటి తరమునకే పరిమితము. దాని గింజను దాచి మరల విత్తినచో దిగుబడి పడిపోవును. అందుచేత రైతు ఏటేట విత్తనము కొనక తప్పదు.

అయితే దిగుబడి రహస్యము విత్తనములో మాత్రమే లేదు. మొక్కల సంఖ్యలో ఉన్నది. వరుసల నడుమ 60, మొక్కల నడుమ 20 సెంటీమీటర్లు ఉంచినచో ఎకరమునకు 33 వేలకు పైగా మొక్కలు పట్టును. 75కు 30 చొప్పున ఎడముగా వేసినచో 18 వేలే. పలుచని చేలో కంకి పెద్దదై 100 గ్రాముల గింజ నిచ్చునని, ఒత్తు చేలో చిన్నదై 80 గ్రాములే ఇచ్చునని అనుకొందము. మొదటి చేను 18 క్వింటాళ్ళు, రెండవది 26 క్వింటాళ్ళు. పెద్ద కంకిని చూచి మురియువాడు ఈ లెక్కలో ఓడిపోవును.

ఇన్ని మొక్కలకు ఆహారము కావలెను. ఎకరమునకు 80 కిలోల నత్రజని యనగా సుమారు 174 కిలోల యూరియా. 45 కిలోల బస్తాలు నాలుగింటికి కొంచెము తక్కువ. దీనినంతయు విత్తునపుడే వేసినచో వానకు కొట్టుకొనిపోవును. మొక్క మోకాలెత్తు పెరిగిన నాటినుండి పీచు వేయు వరకే అధికముగా గ్రహించును కావున, విత్తునపుడు కొంత, నెల దాటిన పిదప కొంత, పూతకు ముందు కొంత వేయవలెను. ఒత్తుగా విత్తి ఎరువు తగ్గించినను, ఎరువు పెంచి పలుచగా విత్తినను ఖర్చే మిగులును.

ఇక నీటి సంగతి. మొక్క తలపై జల్లు మగపూవు. కంకి కొనన వెలువడు పీచు ఆడుభాగము. ప్రతి పీచుపోగు ఒక గింజకు దారి. జల్లు పుప్పొడి రాల్చు దినములలోనే పీచు వెలికి రావలెను. బెట్ట తగిలినచో జల్లు తన వేళకే వచ్చును, పీచు మాత్రము ఆలస్యమగును; పుప్పొడి వృథాయై కంకి బోసిపోవును. ఒత్తుగా వేసిన చేలో నీటికై పోటీ ఎక్కువ కనుక ఈ కీడు మరింత హెచ్చు. చెరువో బోరో లేని మహబూబ్‌నగర్ ఎర్రనేలలో, అప్పు తెచ్చి సాంద్ర పద్ధతిని పూర్తిగా అవలంబించు రైతు ఆ పూత దినములలో పడు వానపై జూదమాడుచున్నాడు. అట్టిచోట మొక్కలను కొంత తగ్గించి, కందిని నిలుపుకొని, రెండవ దఫా యూరియాను వాన చూచి వేయుటయే మేలని మా అభిప్రాయము.

సాంద్ర పద్ధతి యనగా ఎక్కువ దున్నుట అని కొందరి భ్రమ. కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణిలో, దుక్కి లేకుండ, మిగిలిన తేమలోనే మొక్కజొన్న విత్తి, పిదప నీరు పెట్టి, ఎకరమునకు 30 నుండి 40 క్వింటాళ్ళు తీయు రైతులు కలరు. దుక్కి ఖర్చును, కాలమును కలిసివచ్చును. వర్షాధార భూములలో అందులో సగమైనను రాని సంవత్సరములు అనేకము.

2018లో మన దేశమున ప్రవేశించిన కత్తెర పురుగు రెండు పద్ధతుల వారిని బాధించుచున్నది. ఆకు సుడిలో దాగు ఈ పురుగును లేత దశలోనే కనిపెట్టవలెను.

సెలవులలో ఇంటికి పోవు విద్యార్థులు ఒక పని చేయవచ్చును. 60 సెంటీమీటర్ల వరుసల చేలో, ఒక వరుసలో ఆరు మీటర్ల 75 సెంటీమీటర్లు కొలిచి, అందలి మొక్కలను లెక్కించి వేయిచే గుణించినచో ఎకరపు మొక్కల సంఖ్య వచ్చును. నాలుగైదు చోట్ల లెక్కించి సగటు కట్టవలెను. గట్టు పక్క వరుస మాత్రము పనికిరాదు.