భాగం 9: జాతీయ పండుగలకు ఐసింగ్ కుకీలు – తయారీ, అలంకరణ

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• కాల్చినా ఆకారం చెదరని కుకీ పిండిని తయారుచేయగలుగుతారు.
• రాయల్ ఐసింగ్‌ను అవసరాన్ని బట్టి మూడు చిక్కదనాల్లో కలపగలుగుతారు.
• ఐసింగ్ రంగులు ఒకదానికొకటి ఎందుకు అంటుకుంటాయో, దాన్ని ఎలా నివారించాలో వివరించగలుగుతారు.
• జాతీయ పతాక గౌరవాన్ని, చట్టాన్ని దృష్టిలో ఉంచుకొని నమూనాను ఎంచుకోగలుగుతారు.

9.1 పరిచయం

గత భాగంలో కుకీల రకాలను, ఓవెన్ వాడకాన్ని తెలుసుకున్నారు. ఈ భాగంలో కుకీలపై ఐసింగ్‌తో అలంకరణ చేయడం నేర్చుకుంటారు.

ఆగస్టు 15న, జనవరి 26న పాఠశాలలో జెండా వందనం ముగియగానే పిల్లల చేతిలో చాక్లెట్టో, లడ్డూనో, బిస్కెట్ల పొట్లమో పెడతారు. వాటికి బదులు రంగుల ఐసింగ్ వేసిన కుకీలు పంచాలని అడిగేవారూ ఉంటారు. ఇంటి దగ్గరే బేకరీ పని మొదలుపెట్టిన వారికి ఇది మంచి అవకాశం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ ఊళ్లోని పాఠశాల వారు ఆగస్టు 15న 100 మంది పిల్లలకు కుకీలు కావాలన్నారు. ప్రతి కుకీ జాతీయ జెండాలా ఉండాలని, మధ్యలో అశోక చక్రం గీయాలని కూడా చెప్పారు. మీరు వెంటనే ఒప్పుకోవచ్చా? ఒప్పుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, వానాకాలపు తేమలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగులను పక్కపక్కనే వేస్తే అవి కలిసిపోకుండా ఉంటాయా? రెండవది, పిల్లలు కొరికి తినే, సగం తిని కింద పడేసే వస్తువు మీద జాతీయ పతాకం ఉండవచ్చా? ఈ రెండు ప్రశ్నలకూ ఒకే పరిష్కారం ఉంది. దాన్ని 9.5లో చూస్తారు. ముందుగా కుకీ తయారీని తెలుసుకుందాం.

9.2 కుకీ పిండి

కొలతను గుర్తుపెట్టుకోవడం సులభం: మైదా రెండు పాళ్లు, వెన్న ఒక పాలు, చక్కెర పొడి ఒక పాలు.

కావలసినవి: మైదా 500 గ్రా., ఉప్పు లేని వెన్న 250 గ్రా., చక్కెర పొడి 250 గ్రా., గుడ్డు 1, వెనీలా ఎసెన్స్ 1 టీ స్పూన్, ఉప్పు చిటికెడు.

ఇందులో బేకింగ్ పౌడర్ లేదని గమనించండి. మనకు కావలసింది పొంగిన కుకీ కాదు. కటర్‌తో కోసిన ఆకారం అలాగే ఉండి, పైభాగం చదునుగా ఉండాలి. అప్పుడే ఐసింగ్ సమంగా నిలుస్తుంది.

తయారుచేసే విధానం:
1. వెన్న, చక్కెర పొడి కలిసి మెత్తగా అయ్యేవరకే గిలకొట్టండి. కేకుకు గిలకొట్టినట్లు తెల్లగా నురగ వచ్చేదాకా కొట్టకూడదు. లోపల చేరిన గాలి ఓవెన్‌లో వ్యాకోచించి కుకీ ఆకారాన్ని చెడగొడుతుంది.
2. గుడ్డు, ఎసెన్స్ కలపండి. జల్లించిన మైదా, ఉప్పు వేసి ముద్దగా చేయండి. చపాతీ పిండిలా పిసకవద్దు. పిసికితే మైదాలోని గ్లూటెన్ బలపడి కుకీ గట్టిగా, సాగినట్లుగా వస్తుంది.
3. ముద్దను రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి 4 మి.మీ. మందాన వత్తి, ఫ్రిజ్‌లో 30 నిమిషాలు ఉంచండి.
4. కటర్‌తో కోసి, ట్రేలో పేర్చి, మరో 10 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లబడిన వెన్న ఓవెన్‌లో ఆలస్యంగా కరుగుతుంది. ఆ లోపు అంచులు గట్టిపడతాయి కాబట్టి కుకీ పరచుకుపోదు.
5. ముందే వేడిచేసిన ఓవెన్‌లో 170 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చండి. 6 సెం.మీ. కుకీలకు 10–12 నిమిషాలు, 4 సెం.మీ. కుకీలకు 8–9 నిమిషాలు పడుతుంది. అంచులు లేత బంగారు రంగులోకి మారగానే తీసేయండి.

కుకీలు పూర్తిగా చల్లారిన తరువాతే ఐసింగ్ వేయాలి. వేడి కుకీ మీద వేస్తే ఐసింగ్ కరిగి జారిపోతుంది.

9.3 రాయల్ ఐసింగ్

ఐసింగ్ షుగర్, గుడ్డు తెల్లసొన, నీరు కలిపి చేసేదే రాయల్ ఐసింగ్. ఆరిన తరువాత ఇది గట్టి పొరగా మారుతుంది. పచ్చి తెల్లసొనలో సాల్మొనెల్లా బాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది. పిల్లలకు ఇచ్చే కుకీలలో దానికి బదులు మెరింగ్ పౌడర్ వాడండి. మెరింగ్ పౌడర్ కూడా ఎండబెట్టిన తెల్లసొనతో చేసేదే. కుకీలో, ఐసింగ్‌లో గుడ్డు ఉందని ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్పాలి.

కావలసినవి: ఐసింగ్ షుగర్ 250 గ్రా., మెరింగ్ పౌడర్ 15 గ్రా., నీరు 40 మి.లీ.

పొడులను జల్లించి, నీరు పోసి, నెమ్మదిగా 7–8 నిమిషాలు గిలకొట్టండి. గరిటె పైకి తీస్తే ఐసింగ్ మొనదేలి నిలబడాలి. ఇది గట్టి ఐసింగ్. దీనికి చుక్క చుక్కగా నీరు కలుపుతూ మిగిలిన రెండు రకాలు తయారుచేస్తారు. సరైన చిక్కదనం తెలియడానికి ఐసింగ్ మీద చాకుతో ఒక గీత గీసి, అది మూసుకుపోయేవరకు సెకన్లు లెక్కపెట్టండి.

• గట్టి ఐసింగ్: గీత మూసుకోదు. పూరేకులకు, అక్షరాలకు వాడతారు.
• గీత ఐసింగ్: 20–25 సెకన్లలో మూసుకుంటుంది. కుకీ అంచు చుట్టూ గట్టు వేయడానికి వాడతారు.
• నింపే ఐసింగ్: 10–12 సెకన్లలో మూసుకుంటుంది. గట్టు లోపల నింపడానికి వాడతారు.

ముగ్గు వేసేటప్పుడు ముందు గీత గీసి తరువాత రంగు నింపినట్లే ఇక్కడా చేయాలి. గట్టు వేసిన తరువాత 15 నిమిషాలు ఆగి లోపల నింపండి. బుడగలు కనిపిస్తే టూత్‌పిక్‌తో పగలగొట్టండి. పని చేస్తున్నంతసేపూ ఐసింగ్ గిన్నెపై తడి గుడ్డ కప్పి ఉంచండి. లేకపోతే పైన పొర కట్టి, ఆ ముక్కలు కోన్‌లో ఇరుక్కుంటాయి.

9.4 రంగులు, తేమ

కొత్త రంగు చీరను తెల్ల బట్టలతో కలిపి నానబెడితే ఏమవుతుందో మీకు తెలుసు. నీటితోపాటు రంగు కదిలి తెల్ల బట్టకు అంటుకుంటుంది. ఐసింగ్‌లో జరిగేదీ అదే. రెండు రంగులు పక్కపక్కనే తడిగా ఉన్నంతసేపూ ముదురు రంగు లేత రంగులోకి పాకుతుంది. ఎంత త్వరగా ఆరితే అంత తక్కువ పాకుతుంది.

ఆగస్టులో సమస్య పెరుగుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఐసింగ్‌లోని నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది. పైగా చక్కెరకు తేమను పీల్చుకునే గుణం ఉంది. అందుకే కోస్తా ఊళ్లలో వాన రోజున వేసిన ఐసింగ్ మరునాటికి కూడా వేలికి అంటుకుంటూ ఉండవచ్చు. కింది జాగ్రత్తలు పాటించండి.

1. ద్రవ రంగులకు బదులు జెల్ రంగులు వాడండి. వీటితో ఐసింగ్‌లో నీరు పెరగదు.
2. రంగు కలిపిన తరువాత గంటలు గడిచేకొద్దీ ముదురుతుంది. రాత్రి కాస్త లేతగా కలిపి, మూతపెట్టి ఉంచి, ఉదయం చూసుకోండి. మరీ ఎక్కువ రంగు వేసిన ఐసింగ్ సరిగా ఆరదు, చేదుగా కూడా ఉంటుంది.
3. ఐసింగ్ వేసిన కుకీలను ఫ్యాను కింద పెట్టండి. ఏసీ గది ఉంటే మరీ మంచిది.
4. త్వరగా ఆరుతాయని ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీయగానే వాటిపై నీటి తుంపర పట్టి రంగులు పాకుతాయి.
5. ఒకే కుకీపై మూడు రంగులు తప్పనిసరైతే, ముందు కాషాయం, ఆకుపచ్చ వేసి, అవి పూర్తిగా ఆరిన తరువాతే మధ్యలో తెలుపు నింపండి.

గమనిక: ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అనుమతించిన ఆహార రంగులను మాత్రమే, డబ్బాపై రాసిన మోతాదులో వాడాలి. మెటానిల్ ఎల్లో వంటి నిషిద్ధ రంగులు, పేరు లేని పొట్లాల్లో అమ్మే రంగులు వాడరాదు. కుకీలను అమ్మేవారు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వద్ద నమోదు కావాలి.

9.5 నమూనా ఎంపిక: జెండా బొమ్మా, జెండా రంగులా?

అమెరికాలో జూలై 4న జెండా ఆకారపు కుకీలు చేసుకోవడం మామూలే. ఆ నమూనాలను చూసి మన జెండాతోనూ అలాగే చేయవచ్చని అనుకోకూడదు. జాతీయ గౌరవానికి అవమానాల నిరోధక చట్టం, 1971 ప్రకారం జాతీయ పతాకాన్ని బహిరంగంగా చించడం, కాల్చడం, వికృతం చేయడం వంటి పనులతో అవమానిస్తే మూడేళ్ల వరకు జైలుశిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఈ చట్టంలో పతాకం అంటే గుడ్డ జెండా ఒక్కటే కాదు. ఏ పదార్థంతో చేసినా, ఏ పదార్థంపై చిత్రించినా అది పతాకం కిందికే వస్తుంది.

అలాగని ఇలాంటి ప్రతి పనీ నేరమని కాదు. 2013లో కోయంబత్తూరులో ఒక క్రిస్మస్ వేడుకలో భారతదేశ పటం, మూడు రంగులు, అశోక చక్రం ఉన్న పెద్ద కేకును కోశారు. దీనిపై కేసు నడిచింది. 2021 మార్చిలో మద్రాసు హైకోర్టు ఆ కేసును కొట్టివేసింది. కేకు కోసినవారికి పతాకాన్ని అవమానించే ఉద్దేశం లేదని భావించింది. అయితే ఆ తీర్పు రావడానికి ఏడేళ్లకు పైగా పట్టిందన్న సంగతి గమనించండి.

చట్టాన్ని పక్కనపెట్టి చూసినా, కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా నమూనా సమర్పించిన చరిత్ర మనది. ఉదయం వందనం చేసిన జెండా పది గంటలకల్లా సగం కొరికి నేలపాలు కావడం ఏ ఉపాధ్యాయునికీ నచ్చదు.

అందువల్ల మన పరిష్కారం ఇది: రంగులను విడదీయండి. ఒక్కో పొట్లంలో మూడు చిన్న కుకీలు పెట్టండి. ఒకటి కాషాయ రంగు బంతిపువ్వు, ఒకటి తెల్ల పావురం, ఒకటి ఆకుపచ్చని ఆకు. ఒక్కో కుకీపై ఒకే రంగు ఉంటుంది కాబట్టి పాకడమన్న సమస్యే రాదు. పతాకాన్ని గానీ, అశోక చక్రాన్ని గానీ చిత్రించలేదు కాబట్టి కొరికినా అగౌరవం కాదు. పొట్లం చూడగానే మూడు రంగులూ కంటికి కనబడతాయి. పాఠశాల వారికి కారణం చెప్పి ఒక నమూనా పొట్లం చూపించండి. తెలంగాణ అవతరణ దినమైన జూన్ 2న ఇదే పద్ధతిలో రాష్ట్ర పుష్పమైన తంగేడు పువ్వును పసుపు ఐసింగ్‌తో చేయవచ్చు.

9.6 ఆర్డర్‌కు పని ప్రణాళిక

100 పొట్లాలకు 4 సెం.మీ. కుకీలు 300 కావాలి. 9.2లోని కొలతకు రెట్టింపు పిండి, 9.3లోని కొలతకు నాలుగింతల ఐసింగ్ సరిపోతాయి.

• ఆగస్టు 11: పిండి కలిపి, కోసి, కాల్చడం. చల్లారాక గాలి చొరని డబ్బాలో ఉంచడం. రాత్రికి ఐసింగ్ రంగులు కలపడం.
• ఆగస్టు 12: గట్లు వేసి, నింపి, రాత్రంతా ఆరనివ్వడం.
• ఆగస్టు 13: రేకుల గీతలు, పావురం కన్ను, ఆకు ఈనెలు వేసి మళ్లీ ఆరనివ్వడం.
• ఆగస్టు 14: వేలితో తాకి చూసి, అంటుకోని వాటినే పొట్లాల్లో కట్టడం.

వాన పడితే పనికొస్తుందని ఆరడానికి ఒక పూట అదనంగా ఉంచాం. ఆర్డర్ తీసుకునేటప్పుడు ఈ నాలుగు రోజులూ లెక్కలోకి తీసుకోండి. 13వ తేదీన వచ్చే ఆర్డర్‌కు ఐసింగ్ లేని కుకీలు ఇవ్వడమే మంచిది.

9.7 సారాంశం

బేకింగ్ పౌడర్ లేని, బాగా చల్లబరచిన పిండి ఆకారం చెదరకుండా కాలుతుంది. ఐసింగ్ చిక్కదనాన్ని నీటి చుక్కలతో సరిచేస్తారు. రంగులు పాకడానికి కారణం తడి. త్వరగా ఆరబెట్టడం, రంగులను విడదీయడం దీనికి నివారణలు. జాతీయ పండుగ కుకీలపై జెండా బొమ్మకు బదులు జెండా రంగులను వాడడం గౌరవానికీ, పని సౌలభ్యానికీ మంచిది.

9.8 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వెన్న, చక్కెరలను నురగ వచ్చేలా ఎందుకు గిలకొట్టకూడదు?
2. చాకు గీత 22 సెకన్లలో మూసుకుంటే ఆ ఐసింగ్‌ను దేనికి వాడతారు?
3. ఐసింగ్ వేసిన కుకీలను ఫ్రిజ్‌లో ఎందుకు పెట్టకూడదు?
4. జనవరి 26కు మీ ప్రాంతానికి తగిన మూడు కుకీల పొట్లాన్ని రూపొందించి, మీ ఎంపికకు కారణాలను పది వాక్యాల్లో రాయండి.

సమాధానాలు: 1. లోపల చేరిన గాలి వ్యాకోచించి ఆకారం చెడుతుంది. 2. అంచు చుట్టూ గట్టు వేయడానికి. 3. బయటికి తీసినప్పుడు నీటి తుంపర పట్టి రంగులు పాకుతాయి. 4. 9.5ను మళ్లీ చదివి మీ సొంత మాటల్లో రాయండి.