పాత గ్యాసు పొయ్యికి బదులు భాగములు: ఏవి తగును, ఏవి తగవు?

పెద్దపల్లి ప్రాంతమున కట్టెలు, పిడకలు, బొగ్గు చాలాకాలము వంటింటి ఇంధనములుగా నుండెను. గోదావరిఖని పరిసరములలో సింగరేణి బొగ్గు దొరకుటచే బొగ్గు పొయ్యి మరికొంత కాలము నిలిచినది. మట్టి పొయ్యి పగిలినచో ఎర్రమట్టి మెత్తెడివారు. కుంపటిలో ఊచ కాలిపోయినచో మరియొక ఊచ దూర్చెడివారు. ఉన్న వస్తువుతో పని గడుపుకొను ఈ నేర్పు మెచ్చదగినదే.

మన దేశమున వంటగ్యాసు 1955లో బొంబాయిలో వాడుకలోనికి వచ్చినది. 1965లో కలకత్తాలో ఇండేన్ తొలి కనెక్షను ఇచ్చినది. 1999లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపం పథకమును ప్రారంభించిన పిమ్మట పల్లెలలోని పేద కుటుంబములకును గ్యాసు పొయ్యి చేరినది. ఆ నాటి పొయ్యిలలో కొన్ని నేటికిని మరమ్మతులతో నడచుచున్నవి. ఒక్క భాగము చెడినంత మాత్రమున పొయ్యినంతటిని పారవేయుటకు మనసొప్పదు. చేతికందిన వస్తువును బదులుగా అమర్చుదమనిపించును. మట్టి పొయ్యికి పనికివచ్చిన అతుకు గ్యాసు పొయ్యికి పనికివచ్చునా? కొన్నిచోట్ల వచ్చును, కొన్నిచోట్ల ప్రాణము తీయును. ఈ భేదమెట్టిదో తెలియవలెనన్న ముందు పొయ్యిలో మంట పుట్టు విధమును తెలిసికొనవలెను.

మంట పుట్టు విధము

సిలిండరులో ఉన్నది ప్రధానముగా ప్రొపేను, బ్యూటేను అను వాయువుల మిశ్రమము. ఒత్తిడివలన అది ద్రవముగా మారియుండును. సిలిండరు లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు అనేక కిలోగ్రాములు. రెగ్యులేటరు దానిని సుమారు 30 గ్రాములకు తగ్గించి రబ్బరు గొట్టములోనికి వదలును. ఇది 30 సెంటీమీటర్ల ఎత్తుగల నీరు కలిగించు ఒత్తిడికి సమానము.

ఈ వాయువు జెట్టు అను చిన్న ఇత్తడి మరలోని సన్నని రంధ్రమునుండి సెకనుకు సుమారు 50 మీటర్ల వేగముతో వెలువడును. ఆ విసురుకు చుట్టునున్న గాలి కూడ దానితోపాటు గొట్టములోనికి లాగబడును. రెండును కలిసి బర్నరు రంధ్రములయొద్ద మండును. జర్మనీలోని హైడెల్బర్గు నగరమున 1855లో బున్సెన్ రూపొందించిన ప్రయోగశాల దీపము పనిచేయునదియు ఈ సూత్రముననుసరించియే.

ఒక పాలు బ్యూటేను పూర్తిగా కాలుటకు 31 పాళ్ల గాలి కావలెను, ప్రొపేనుకు 24 పాళ్లు. కొంత గాలి ముందుగానే కలియును, మిగిలినది మంట చుట్టునుండి లభించును. గాలి చాలినప్పుడు మంట నీలముగా నుండును. చాలనప్పుడు కాలని కర్బన రేణువులు ఎర్రగా కాగి పసుపుపచ్చని వెలుగునిచ్చును. గిన్నె అడుగున మసి పట్టును. అంతకంటె కీడైనది కర్బన మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హిమోగ్లోబినును పట్టుకొని ఆమ్లజనికి చోటులేకుండ చేయును.

సన్నని రంధ్రము, పెద్ద లెక్క

జెట్టు రంధ్రము వ్యాసము 0.7 మిల్లీమీటరు అనుకొందము. మసి పట్టినదని దానిలో దబ్బనమో, ఉక్కు తీగయో దూర్చి త్రిప్పిన యెడల మెత్తని ఇత్తడి అరిగి రంధ్రము 0.9 మిల్లీమీటరు కావచ్చును. కంటికి ఈ భేదము కనబడదు. అయితే వాయువు ప్రవహించునది వైశాల్యమునుబట్టి, వైశాల్యము వ్యాసము యొక్క వర్గమునుబట్టి పెరుగును. 0.49కి బదులు 0.81 అయినది, అనగా వాయువు సుమారు 65 శాతము హెచ్చినది. లోనికి వచ్చు గాలి మాత్రము ఆ మేరకు పెరుగదు. ఫలితము పసుపు మంట, మసి, విషవాయువు.

వేరొక ఇంధనమునకు చేసిన జెట్టు మరింత ప్రమాదకరము. పేడ గ్యాసులో మండు భాగము మీథేను. దానితో కలిసి మండని బొగ్గుపులుసు వాయువు కూడ చాల ఉండును. కావున ఆ పొయ్యిల జెట్టు రంధ్రము పెద్దది, తరచు 2 మిల్లీమీటర్లకు పైబడియుండును. దానిని సిలిండరు పొయ్యికి బిగించినచో ఏమగును? వ్యాసము 3 రెట్లైన వైశాల్యము 9 రెట్లగును. మంట పొయ్యి దాటి పైకెగయును.

ఇంధనము మారినప్పుడు యంత్రమును మార్చవలెననుటకు మన యెదుటనే పెద్ద ఉదాహరణమున్నది. రామగుండములో బొగ్గును వాయువుగా మార్చి యూరియా చేయు కర్మాగారము 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడినది. అక్కడనే 2021లో సహజవాయువుతో ఉత్పత్తి మొదలైనపుడు పాత యంత్రములకు అతుకులు వేయలేదు, కొత్త కర్మాగారమునే నిర్మించిరి.

బదులు పెట్టదగినవి

వాయువు తాకని భాగములకు స్థానికమైన బదులు తగును. గిన్నెను మోయు ఇనుప కాళ్లు విరిగినచో కమ్మరిచేత ఊచ వంచి చేయించుకొనవచ్చును. అయితే పాతదాని ఎత్తు కొలిచి ఇచ్చుట అవసరము. ఎత్తు తగ్గినచో చల్లని గిన్నె మంటను అణచి దహనమును చెరచును, హెచ్చినచో వేడి వృథాయగును. జస్తాపూత పూసిన ఊచను గాని రేకును గాని మంటయొద్ద వాడరాదు. తీవ్రమైన వేడికి జస్తా ఆవిరియై, ఆ పొగ పీల్చినవారికి జ్వరము కలిగించును. రంగు వేసిన ఇనుమును కూడ మానవలెను.

పొయ్యి అడుగు కాళ్లకు పాత టైరు ముక్కలు, పొంగు పట్టు పళ్లెమునకు ఉక్కు రేకు, త్రిప్పుడు బిళ్లకు గట్టి కొయ్య ముక్క సరిపోవును. కొయ్య బిళ్ల వదులుగా తిరుగరాదు. మంట ఆరినదో లేదో దానిని చూచియే తెలిసికొందుము గదా!

బదులు పెట్టరానివి

వాయువు నడచు దారిలోని ఏ భాగమునకును ఊహతో చేసిన బదులు పనికిరాదు. సైకిలు ట్యూబు కత్తిరించి రబ్బరు బిళ్ల చేయుట కొందరి అలవాటు. ఆ రబ్బరు వంటగ్యాసును పీల్చి ఉబ్బి, మెత్తబడి పగులును. ఇందులకు నైట్రైల్ రబ్బరు కావలెను. బిగుసుకొనిన కాకుకు వాసెలిన్ రాయుటయు తప్పే. వేడికి అది కరిగి జారిపోవును, పిమ్మట వాయువు కారును. వేడికి తట్టుకొను ప్రత్యేకమైన గ్రీజు మాత్రమే వాడవలెను. రబ్బరు గొట్టమునకు ప్లాస్టిక్ గొట్టము బదులు కాదు. ఉక్కుతీగ అల్లిన సురక్ష గొట్టమును కూడ 5 సంవత్సరములకొకసారి మార్చవలెను.

బర్నరు మూతకు మేకుతో పొడిచిన రేకు పెట్టుట మరియొక ప్రమాదము. మంట ఈ మిశ్రమములో సెకనుకు సుమారు 40 సెంటీమీటర్ల వేగముతో ప్రాకగలదు. మిశ్రమము అంతకంటె వేగముగా వెలువడుచున్నంతవరకే మంట పైన నిలుచును. రంధ్రములు పెద్దవైన ఆ వేగము తగ్గి మంట వెనుకకు నడచి, టప్పుమని చప్పుడు చేసి జెట్టువద్ద మండును. పగిలిన గొట్టమునకు మట్టియు, జిగురు ముద్దయు నిలువవు. భాగమునే మార్చవలెను.

పరీక్షించు విధము

మరమ్మతు ముగిసిన వెంటనే అతుకులన్నిటికి సబ్బు నురుగు పూయవలెను. బుడగ లేచినచోట వాయువు కారుచున్నది. అగ్గిపుల్లతో ఎన్నడును పరీక్షింపరాదు. డేవీ 1815లో చేసిన రక్షకదీపముతో గని కార్మికులు పైకప్పు క్రింద మీథేనును వెదకెడివారు. మంటపై నీలి టోపీ కనబడిన వాయువున్నదని గుర్తు. మీథేను గాలికంటె తేలిక, కావున పైకి చేరును. వంటగ్యాసు గాలికంటె ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువు. అది నేలమీద పరచుకొని పొరుగు గదిలోని దీపమువరకు ప్రాకగలదు. దానికి సహజముగా వాసన లేనందున ఇథైల్ మెర్కాప్టన్ కలిపి వాసన కలిగించుచున్నారు.

ఆ వాసన తగిలినచో విద్యుత్ స్విచ్చి తాకక, మంటలన్నియు ఆర్పి, రెగ్యులేటరు కట్టి, తలుపులు కిటికీలు తెరచి, బయటకు వచ్చి 1906 నంబరునకు ఫోను చేయవలెను.

మట్టి పొయ్యిలో అతుకు తప్పినచో కొంత వేడి పోవును, అంతే. గ్యాసు పొయ్యిలో జెట్టు ఒక కొలపాత్ర వంటిది. మానికకు అడుగు చిల్లి పడినచో ధాన్యమే పోవును. ఇచట కొలత తప్పినచో ఇల్లంతయు ఆపదపాలగును. కావున పొయ్యి విప్పువారు ప్రతి భాగమును చేతబట్టి వాయువు దీనిని తాకునా అని మొదట అడుగవలెను. తాకనిచో ఇనుప సామాను దుకాణమునకు పోవచ్చును. తాకునదైనచో ఆ పొయ్యికి తగిన అసలు భాగమునే కొనవలెను.