పరిమళించే నక్షత్రములు – మన చేతులతోనే



డిసెంబరు నెల రాగానే మన గృహములలో సందడి మొదలవుతుంది. గోడలకు సున్నము, పిల్లలకు కొత్త బట్టలు, వాకిట్లో ఎత్తైన వెదురుకు నక్షత్రము. ఆ నక్షత్రము, దానితోపాటు మెరుపు కాగితాలు, ప్లాస్టిక్ గంటలు అన్నీ ఇప్పుడు బజారులో కొని తెచ్చుకుంటున్నాము. పండుగ వెళ్ళాక అవి చెత్తకుప్పలో చేరతాయి. కొన్ని ఇండ్లలో వాటి కొరకు చేసిన అప్పు మాత్రము మిగులుతుంది. ఎవరినీ నొప్పించుటకు ఈ మాట వ్రాయుట లేదు. ఒక ఇంటిలో మేము కన్నులారా చూచాము గనుక వ్రాస్తున్నాము.

మగ్గము ఆగిన ఇల్లు

మేము పరిచర్య చేయుచున్నది పోచంపల్లి చుట్టుప్రక్కల గ్రామములలో. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండి, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన ఈ ఊరు చేనేతకు పేరుపొందినది. ఇక్కడి చిటికి పనిలో నేసిన తరువాత అద్దకము వేయరు. నేయకముందే నూలు పోగులను లెక్క ప్రకారము రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు పట్టదు. మగ్గము మీదికి వెళ్ళిన తరువాత ఆ పోగులే పువ్వులుగా, గళ్ళుగా కలిసి వస్తాయి. ఒక చీర వెనుక ఇంటిల్లిపాది పని ఉంటుంది. ఒకరు నూలు చుడితే, ఒకరు ముడులు కడతారు, ఒకరు నేస్తారు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక నేత కుటుంబము ఇంట మగ్గము ఆగిపోయింది. నూలు ధర పెరిగింది, కూలి గిట్టలేదు. ఇంటి పెద్ద మరమగ్గముల పని వెదకుకుంటూ భివండి వెళ్ళాడు. ఈ ప్రాంతమునుండి అలా వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. డిసెంబరు మొదటి వారములో మేము ఆ ఇంటికి ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఆ తల్లి తల వంచుకొని ఇలా అన్నది: "అయ్యగారూ, పోయినేడు స్టారుకు, లైట్లకు బాకీ జేసినం. ఆ బాకీ ఇంక తీరలే. ఈయేడు ఆయన గూడ వస్తలేడు. మా ఇంట్ల పండుగ లేదనుకోండ్రి."

ఆమె ప్రక్కన ఇద్దరు పిల్లలు నిలబడి వింటున్నారు. ప్రార్థన చేసి వచ్చితిమి గాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అలంకారము లేకపోతే పండుగే లేదని పిల్లలు అనుకొనుటకు, అప్పటివరకు పోటీ పడి అలంకరించిన మేము కూడ కారకులమే కదా!

మొదటి ప్రయత్నము చెడిపోయిన విధము

ఆ మరుసటి శనివారము ఆ తల్లిని, పిల్లలను, మరి నాలుగు కుటుంబములను మా ఇంటికి పిలిచాము. ఎక్కడో చదివిన మాట జ్ఞాపకము వచ్చి, బత్తాయి పండ్లకు లవంగాలు గుచ్చి వ్రేలాడదీయవచ్చని చెప్పాము. నల్లగొండ ప్రాంతము బత్తాయి తోటలకు పేరుపొందినదే గదా. అందరము ఉత్సాహముగా గుచ్చాము. దుమ్ము పడకుండునట్లు పండ్లను ప్లాస్టిక్ సంచులలో మూటకట్టి పెట్టాము. పది దినములకు విప్పి చూస్తే బూజు! పిల్లలు ముక్కు మూసుకొని నవ్వారు. మా తప్పేమిటో అప్పుడు తెలిసింది. పండులోని తడి బయటికి పోవుటకు గాలి కావాలి, కాలము కావాలి.

అయితే ఆ సాయంకాలము వృథా కాలేదు. పండ్లు గుచ్చుచుండగా ఆ పెద్దపిల్ల ఇంటికి పరుగెత్తి, మగ్గము మీద చీర కోసినప్పుడు మిగిలిన రంగు పోగుల కొసలు, చిన్న గుడ్డ పీలికలు ఒడినిండ తెచ్చింది. వాటితో చిన్న సంచులు కుట్టి, వంటింటిలోని దాల్చినచెక్క ముక్కలు, లవంగాలు, ఎండిన బత్తాయి తొక్కలు నింపి, రంగు పోగులతో మూతి కట్టాము. పండ్లు చెడిపోయినను సంచులు చెడలేదు. తడి లేదు గనుక!

మీ ఇంట చేయదలచినచో

ఆనాటినుండి ప్రతి సంవత్సరము చేయుచు నేర్చుకొన్న సంగతులు ఇవి.

1. పరిమళపు సంచి: జానెడు కంటె చిన్నదైన నూలు గుడ్డ ముక్క చాలు. నాలుగైదు లవంగాలు, వేలెడు దాల్చినచెక్క విరిచిన ముక్కలు, ఎండిన తొక్కలు, దొరికితే కొద్దిగా వట్టివేళ్ళు. అన్నియు బాగా ఎండినవై యుండాలి. పండుగ తరువాత దీనిని బట్టల పెట్టెలో వేసుకోవచ్చు.

2. తొక్కల నక్షత్రములు: బత్తాయి లేక నారింజ తొక్క పచ్చిగా ఉండగానే కత్తిరించాలి, ఎండితే విరిగిపోతుంది. సూదితో రంధ్రము చేసి, దారమునకు ఎక్కించి నీడన ఆరబెట్టాలి.

3. పిండి నక్షత్రములు: మైదా ఒక గ్లాసు, మెత్తని ఉప్పు అర గ్లాసు, దాల్చినచెక్క పొడి పావు గ్లాసు కలిపి, నీళ్ళు కొద్ది కొద్దిగా పోసి చపాతీ పిండివలె గట్టిగా కలపాలి. మందముగా వత్తి నక్షత్రములు, గంటలు, పావురములు కోయాలి. పచ్చిగా ఉండగానే అగరువత్తి పుల్లతో రంధ్రము చేయాలి. నాలుగైదు దినములు నీడన, తిరగవేస్తూ ఎండబెట్టాలి. పాశ్చాత్య దేశములలో ఆపిల్ గుజ్జుతో చేస్తారు, మనకు మైదా చౌక. ఉప్పు ఎక్కువ గనుక పసిపిల్లలు నోట పెట్టకుండ చూడండి. తేమ తగిలితే మెత్తబడతాయి, డబ్బాలో దాచండి.

4. లవంగాల పండు: నవంబరులోనే మొదలుపెట్టాలి. గట్టి పండు తీసుకొని, లావు సూదితో ముందు రంధ్రము చేసి లవంగము గుచ్చాలి, లేనిచో పిల్లల వ్రేళ్ళు నొప్పి పెడతాయి. లవంగాలు దగ్గర దగ్గరగా ఉండాలి. దాల్చినచెక్క పొడిలో దొర్లించి, గాలి ఆడే చోట మూడు నాలుగు వారములు ఉంచితే పండు ముడుచుకొని తేలికవుతుంది. పంటినొప్పికి మన పెద్దలు వాడే లవంగ నూనెలోని గుణమే ఇక్కడ బూజును కొంతవరకు అడ్డుకొంటుంది.

వీటిని సరుగుడు కొమ్మకు గాని, ఆకులు రాలిన ఏ ఎండుకొమ్మకు గాని కట్టవచ్చు. కొవ్వొత్తులకు, వేడెక్కే బల్బులకు దూరముగా ఉంచండి. నూలు ఉన్న ఇండ్లలో ఈ జాగ్రత్త మరి ముఖ్యము.

పరిమళమునకు పాత చరిత్ర

ఇది నిన్న మొన్నటి వేడుక కాదు. తెగుళ్ళు వ్యాపించిన కాలములో ఐరోపావారు సుగంధద్రవ్యముల ఉండలను మెడలో వ్రేలాడదీసుకొనేవారు. చెడుగాలి వలన రోగము వచ్చునని వారి నమ్మకము. లవంగాలు గుచ్చిన నారింజపండు ఆ ఉండలనుండి వచ్చినదే. 1747లో జర్మనీలోని మరియెన్‌బోర్న్‌లో మొరేవియన్ సంఘపు కాపరి యోహాను డి వాటెవిల్ క్రిస్మస్ ఆరాధనలో పిల్లలకు ఎర్ర పట్టీ చుట్టిన కొవ్వొత్తులు పంచాడు. తరువాతి కాలములో దానికి నారింజపండు చేరింది. పండు లోకమునకు, ఎర్ర పట్టీ రక్షకుని రక్తమునకు, దీపము లోకమునకు వెలుగైన ప్రభువునకు గుర్తు. 1968 నుండి ఇంగ్లండు సంఘములలోను ఈ ఆరాధన వ్యాపించింది.

మన బైబిలులో కూడ పరిమళమునకు చోటున్నది. నిర్గమకాండము 30వ అధ్యాయములో అభిషేక తైలమునకు కావలసిన సంభారములలో లవంగిపట్ట ఉన్నది, అది దాల్చినచెక్కయే. తూర్పు జ్ఞానులు బాలయేసునకు తెచ్చిన మూడు కానుకలలో రెండు, సాంబ్రాణి, బోళము, పరిమళ ద్రవ్యములే. పశువుల పాకలో పుట్టినవానికి పరిమళము కానుకగా వచ్చుట ఎంత తగినది!

భివండికి వెళ్ళిన కవరు

ఆ సంవత్సరము ఆ తల్లి ఒక చిన్న సంచిని కవరులో పెట్టి భివండికి పోస్టు చేసింది. క్రిస్మస్ దినాన ఫోను వచ్చింది. పిల్లలు మాకు చెప్పినది ఇంతే: "నాన్న కవరు ఇప్పంగనే మనిల్లు యాదికొచ్చిందన్నడు. జర సేపు మాట్లాడలే." వాసనను గ్రహించే నరములు మెదడులో జ్ఞాపకములు, అనుభూతులు నిలిచే భాగములకు చాల దగ్గరి మార్గమున చేరునని వైద్యులు చెప్తారు. అందుకే ఒక వాసన ఎన్నో ఏండ్ల క్రిందటి వాకిలిని కన్నుల ముందు నిలుపుతుంది. కొనితెచ్చిన ప్లాస్టిక్ గంటలో ఏ ఇంటి వాసనా లేదు.

ఆ ఏడు ఆయన రాలేదు, ఆ ఇంటి బాకీ ఒక్క సంచితో తీరలేదు. అయినను ఆ ఇంట పండుగ జరిగింది, క్రొత్త అప్పు లేకుండ జరిగింది. మరుసటి సంవత్సరము ఆయన వచ్చినప్పుడు బొంబాయి బజారులో కొన్న దాల్చినచెక్క పొట్లము తెచ్చి, పిల్లల మధ్య కూర్చుండి తానే సంచులు కట్టాడు. ముడి కట్టుట ఆయన చేతికి పుట్టుకతో వచ్చిన విద్య కదా. ఆయన కట్టిన ముడి ఒక్కటియు జారలేదు.

తల్లిదండ్రులారా, ఈ డిసెంబరులో ఒక సాయంకాలము టీవీ, సెల్‌ఫోను ప్రక్కన పెట్టి పిల్లలతో చాప మీద కూర్చుండండి. నక్షత్రము వంకరగా వచ్చినా పరవాలేదు. చేసినవాటిలో రెండు ఇతరులకు ఇవ్వండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడుగగా వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరములు ఇచ్చిన ఊరు మన పోచంపల్లి. మనము ఒక చిన్న సంచి ఇవ్వలేమా? ఆ సంచి ఒంటరిగా ఉన్న వృద్ధురాలికో, దూరదేశమున పని చేయుచున్న తండ్రికో చేరనివ్వండి.

ప్రభువు మీ గృహములను తన పరిమళముతో నింపును గాక!